హెస్టర్ గారి పందొమ్మిదో అధ్యాయం

సభకి అధ్యక్షత వహిస్తున్న మన తెలుగు సంఘం ప్రెసిడెంట్ గీతాంజలి గారికి, కార్పెట్ మీద చట్నీ పడకూడదన్న ఒకే ఒక్క షరతుతో ఈ గది ఇచ్చిన లైబ్రరీ వారికి, ముందు వరుసలో కూర్చున్న పెద్దలకి, వెనక వరుసలో కూర్చుని ఫోన్‌లో స్కోరు చూసుకుంటున్న మిత్రులకి, అందరికంటే ముఖ్యంగా ఇంకాసేపట్లో మనం శాలువా కప్పబోతున్న హెస్టర్ ప్లమ్‌లీ గారికి నమస్కారం.

నా పేరు ఇంద్రజ. ఖమ్మం నుంచి ఎం.ఎస్. చెయ్యడానికి వచ్చాను, చేశాను, ఉద్యోగం దొరికేలోపు చేతులు ఊరుకోక తొమ్మిది నెలలుగా ఈ లైబ్రరీలో వాలంటీర్‌గా పుస్తకాలు సర్దుతున్నాను. గీతాంజలి గారు నాకు ఏడు నిమిషాలిచ్చారు. ఏడు అని వేళ్ళతో కూడా చూపించారు. చూశానండీ. (నవ్వులు)

సన్మానం ఇంగ్లీషావిడకి, ప్రసంగం తెలుగులో ఏమిటని మీలో కొందరికి అనిపిస్తూ ఉంటుంది. నేను ఇంగ్లీషులోనే రాసుకొచ్చాను, నిన్న ఆవిడకి చదివి వినిపించాను కూడా. సగం విని ఆపించేశారు. "ఇంగ్లీషులో నువ్వు మరీ మర్యాదస్తురాలివైపోతావు ఇంద్రజా, నాకు సంతాప సభలా ఉంది. నీ భాషలో మాట్లాడు, నాకు ఎవరైనా చెవిలో చెబుతారులే" అన్నారు. ఆ చెవిలో చెప్పే పని సూర్యప్రకాశరావు గారు తీసుకున్నారు. ఇరిగేషన్‌లో సూపరింటెండింగ్ ఇంజనీరుగా రిటైరై, హెర్న్‌డన్‌లో కొడుకు దగ్గరికి వచ్చి, ఇక్కడ కాలవలు లేక, మా గురువారం క్లాసుకి వచ్చే పెద్దమనిషి. చూడండి, ఇప్పుడు ఆయన గురించి చెప్పింది మాత్రం ట్రాన్స్‌లేట్ చెయ్యలేదు. (నవ్వులు)

అంకుల్, మీకొక మనవి. నేను చెయ్యమన్నవే చెయ్యండి. మిగతావాటికి "మిమ్మల్ని పొగుడుతోంది" అని చెప్పెయ్యండి.

ఎందుకంటే నా దగ్గర ఒక చిక్కు ఉంది, అది ముందే చెప్పేస్తాను. ఈ పోడియం కింద నా బ్యాగ్‌లో నలభై ఒక్క కాగితాలున్నాయి. హెస్టర్ గారు ఇప్పుడు రాస్తున్న నవలలో పందొమ్మిదో అధ్యాయం అది. ఆవిడ నన్ను రాయమన్నారు, నేను రాశాను. మంగళవారం ఆవిడ ఇంగ్లండు తిరిగి వెళ్ళిపోయే ఫ్లైట్. పొద్దున్న ఫోన్ చేసి "తెచ్చావా?" అని అడిగితే "తెచ్చాను" అన్నాను. అది నిజమే. ఇస్తానో లేదో మాత్రం ఇక్కడికి నడిచొచ్చేదాకా నాకే తెలియదు.

సరే, ఆవిడ గురించి.

హెస్టర్ గారిది ఇంగ్లండులో లింకన్‌షైర్. నేను మ్యాప్‌లో చూశాను. కొండన్నది లేకుండా కృష్ణా డెల్టాని తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టినట్టుంటుంది. అక్కణ్ణించి ఒక అమెరికన్ని పెళ్ళి చేసుకుని వర్జీనియా వచ్చి, ఇదే లైబ్రరీలో ఇరవై ఏడేళ్ళు రెఫరెన్స్ డెస్క్‌లో కూర్చుని, మన పిల్లల సైన్స్ ప్రాజెక్టులకీ మన సిటిజన్‌షిప్ ఫారాలకీ సమాధానాలు చెబుతూ, రోజూ పొద్దున్న డ్యూటీకి వచ్చేముందు వంటింటి బల్ల దగ్గర కూర్చుని పదకొండు నవలలు రాశారు. అన్నీ రెండు వందల ఏళ్ళ కిందటి ఇంగ్లండు కథలే. అన్నింట్లోనూ ఒక పాత బంగళా, చుట్టూ పొగమంచు, కొత్తగా కాపురానికొచ్చిన ఒక పిల్ల, తాళం వేసిన ఒక గది, ఆ తాళం గురించి అడిగితే మాట మార్చేసే ఒక మొగుడు. పదకొండు నవలల్లో తొమ్మిది ఇళ్ళు తగలబడ్డాయి, ఒకటి మునిగింది, ఒకటి మాత్రం హీరోయిన్ అమ్మేసి వెళ్ళిపోయింది.

ఈ లెక్క వినగానే నా రూమ్‌మేట్ స్మృతి "ఇన్ని ఇళ్ళు పోతే ఆవిడకి ఇన్సూరెన్స్ ఎవరిస్తారే?" అంది. మనవాళ్ళకి ముందు గుర్తొచ్చేది అదే. అసలు మన టౌన్‌హౌస్‌ల్లో దయ్యం ఉండే అవకాశమే లేదు. అడుగు గట్టిగా వేస్తే పక్కింటివాళ్ళు గోడ కొడతారు, కొవ్వొత్తి వెలిగిస్తే స్మోక్ అలారం మోగుతుంది. ఒకవేళ దయ్యం వచ్చినా ముందు కాలనీ పెత్తనం చేసే హెచ్‌ఓఏకి అప్లికేషన్ పెట్టుకోవాలి, తను ఏ రంగులో ఉంటుందో శాంపిల్ జత చెయ్యాలి. (నవ్వులు) ఆ వెనక నవ్వుతున్నది ఫెన్స్ రంగు మార్చి మూడు నోటీసులు అందుకున్నవారే అనుకుంటాను.

మొదట్లో నాకూ ఆవిడ నవలలు నవ్వులాటగానే ఉండేవి. పుస్తకాలు సర్దుతూ, ఊరుకోలేక, ఒక రోజు అడిగేశాను. "మీ దేశంలో ఆడవాళ్ళు తరతరాలుగా ఇవే కథలు ఎందుకు రాస్తారండీ? మీకు వేరే ఇళ్ళు లేవా?" అని. హెస్టర్ గారు కళ్ళజోడు తీశారు. ఆవిడ కళ్ళజోడు తీశారంటే సమాధానం పొడుగ్గా ఉంటుందని అర్థం. "ఒకప్పుడు మా చట్టంలో పెళ్ళయిన ఆడదానికి సొంత ఆస్తి అనేది లేదు. తను పుట్టింటి నుంచి తెచ్చుకున్నది కూడా మొగుడిదే. ఇంటి తాళాల గుత్తి నడుముకి ఉంటుంది, ఇల్లు మాత్రం తనది కాదు. అలాంటి మనిషి 'మా ఆయన నన్ను గదిలో పెట్టి తాళం వేస్తున్నాడు' అంటే ఎవరూ వినరు. 'మా ఇంట్లో దయ్యం ఉంది' అంటే పదిమంది కుర్చీలు లాక్కుని వింటారు. అందుకని దయ్యం గురించి చెప్పారు" అన్నారు.

నేనది తీసుకెళ్ళి వసంతలక్ష్మి గారికి తెలుగులో చెప్పాను. వసంతలక్ష్మి గారు తెలియనివాళ్ళు ఇక్కడ ఎవరూ ఉండరు, అయినా చెబుతాను. బందరు పోస్టాఫీసులో ముప్పై నాలుగేళ్ళు పనిచేశారు, మనిషి నడక చూసి మనియార్డరు వచ్చిందో లేదో చెప్పగలరు. ఆవిడ అంతా విని "ఇందులో ఇంగ్లీషేముందే?" అన్నారు. మా ఇద్దరికీ సాహిత్య విమర్శ అక్కడితో పూర్తయింది.

ఇక గురువారం సంగతి. ఈ లైబ్రరీలో గురువారాలు పొద్దున్న పదకొండింటికి ఇంగ్లీష్ కాన్వర్సేషన్ క్లాసు ఉండేది. పేరుకి అందరికీ, వచ్చేది మాత్రం పన్నెండుమంది మన పెద్దవాళ్ళే. పిల్లలు ఆఫీస్‌కి వెళ్తూ దింపేసి వెళ్తారు. వాళ్ళచేత హెస్టర్ గారు "ఈ రోజు వాతావరణం ఎలా ఉంది?" "చల్లగా ఉంది" అని మూడు నెలలు అనిపించారు. చలికాలం కాబట్టి సమాధానం కూడా మారలేదు. నాలుగో నెలలో ఆవిడకే విసుగొచ్చి వర్క్‌షీట్లు పక్కన పడేసి, "నేను రాస్తున్నది వింటారా?" అని అడిగారు. సగం అర్థమైనవాళ్ళూ అర్థం కానివాళ్ళూ కూడా తలలూపారు.

ఆవిడ చదవడం మొదలుపెట్టారు. పొగమంచు, గుర్రబ్బండి, గేటు. మొదటి వాక్యం అవ్వగానే వసంతలక్ష్మి గారు "ఊఁ" అన్నారు. హెస్టర్ గారు తలెత్తి చూశారు. రెండో వాక్యానికి సూర్యప్రకాశరావు గారు "ఊఁ". మూడో వాక్యానికి గదంతా "ఊఁ". పేజీ తిరిగేసరికి ఆవిడ మొహం ఎర్రబడిపోయింది. కాగితాలు పక్కన పెట్టేసి, ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడిగారు. అందరూ కథ ఎందుకు ఆగిపోయిందా అని చూస్తున్నారు. క్లాసయ్యాక ఆవిడ రెఫరెన్స్ డెస్క్ వెనక నిలబడి, నెమ్మదిగా, "నేను చదువుతుంటే వాళ్ళు మూలిగారు ఇంద్రజా. ముప్పై ఏళ్ళలో నా మీద రివ్యూలు చాలా వచ్చాయి, మూలగడం ఇదే మొదటిసారి" అన్నారు.

నవ్వితే బాగుండదని పెదవి కొరుక్కుని చెప్పాను. మా వైపు కథ చెప్పేవాళ్ళు సగమే చెబుతారండీ, మిగతా సగం వినేవాళ్ళు ఊఁ కొట్టడం. ఊఁ అన్నంతసేపే కథ నడుస్తుంది. అనకపోతే నిద్రపోయారేమోనని చెప్పేవాళ్ళు ఆపేస్తారు. మా అమ్మమ్మ అయితే రెండుసార్లు ఊఁ పడకపోతే "ఇంక నేను చెప్పను పో" అనేది. మీకు ఇవాళ పన్నెండుమంది ఊఁ కొట్టారంటే, పన్నెండుమందీ ఆ గేటు దగ్గర మీతోపాటు నిలబడ్డారని.

హెస్టర్ గారు తర్వాతి గురువారం రెండు అధ్యాయాలు తెచ్చారు.

ఇక చూసుకోండి. ఆవిడకి ఊఁ రుచి పట్టింది. ఎవరి ఊఁ ఏమిటో నాలుగు వారాల్లో కనిపెట్టేశారు. వసంతలక్ష్మి గారిది పొట్టిది, ముందుకి నడిపించేది. సూర్యప్రకాశరావు గారిది పొడుగు, చివర్లో కొంచెం పైకి లేస్తే దానర్థం అభ్యంతరం ఉందని. వరద అధ్యాయం చదివిన రోజు ఆయన ఊఁ సీలింగ్‌ దాకా వెళ్ళింది. "మేడమ్, మీ కాలవకి స్లూయిస్ లేదు, అంటే నీళ్ళు వదిలే తూము. స్లూయిస్ లేకుండా ఆ ఇల్లు ఇంతకాలం నిలబడదు, మొదటి అధ్యాయంలోనే మునిగిపోవాలి" అన్నారు. ఆవిడ ఇంటికెళ్ళి స్లూయిస్ పెట్టుకొచ్చారు. ఆ వ్రాతప్రతి టైప్ చేసేది నేనే కాబట్టి నాకు తెలుసు. మార్జిన్లో కొన్నిచోట్ల పెన్సిల్‌తో "ఇక్కడ ఊఁ సరిగ్గా పడలేదు" అని రాసుంటుంది. ఆ వాక్యాలన్నీ తర్వాతి ప్రతిలో ఉండవు.

సూర్యప్రకాశరావు గారూ, ఇది ట్రాన్స్‌లేట్ చెయ్యండి: వినేవాళ్ళు చెప్పింది ఇంత శ్రద్ధగా వినే రచయితని నేను ఇంకెక్కడా చూడలేదు.

(చప్పట్లు)

ఫిబ్రవరిలో ఆ నవలలోకి ఆయా వచ్చింది.

కథ మీకు రెండు ముక్కల్లో చెబుతాను. ఒక కంపెనీ దొర మన వైపు డబ్బు బాగా చేసుకుని లింకన్‌షైర్ వెళ్ళి ఇల్లు కట్టాడు. వెంట పెళ్ళాం, చంటిపిల్ల, పిల్లని చూసుకోవడానికి మచిలీపట్నం నుంచి ఒక ఆయా. ఇంట్లో ఒక గదికి ఎప్పుడూ తాళం. ఆ గదిలో మంచం తెరలూ గోడలకి కట్టిన గుడ్డలూ అన్నీ బందరు నుంచి ఓడలో వచ్చిన అద్దకం బట్ట. ఆయా ఒకసారి ఆ గదిలోకి వెళ్తుంది, ఆ తెరలు చూసి భయంతో స్పృహ తప్పుతుంది, నాలుగు అధ్యాయాల తర్వాత చచ్చిపోతుంది, ఆ పైన తెల్ల చీరలో మెట్ల మీద తిరుగుతుంది. ఆవిడకి పేరు లేదు. మాట లేదు.

స్పృహ తప్పే చోట మొట్టమొదటిసారి గదిలో ఒక్క ఊఁ కూడా పడలేదు.

హెస్టర్ గారు తలెత్తారు. వసంతలక్ష్మి గారు నా వైపు తిరిగి, "ఎందుకు భయపడింది? అడుగు" అన్నారు. నేను అడిగాను. తెరల మీద ఆ వంకర తీగలు, ఆ నల్లటి గీతలు కొవ్వొత్తి వెలుగులో పాముల్లా కనిపిస్తాయి కదా అని హెస్టర్ గారు. "ఆవిడకి పాముల్లా కనిపించడమేమిటమ్మా? ఆ నలుపు ఇనప తుక్కూ బెల్లమూ నానబెట్టి తీసేది. మా పెత్తండ్రి వాళ్ళు అద్దకం పనివాళ్ళు, ఆ కుండ మా దొడ్లోనే ఉండేది. కరక్కాయ వాసన ఎన్ని ఉతుకులైనా పోదు. ఊరు కాని ఊళ్ళో, ఆ చలిలో, తలుపు తీస్తే ఎదురుగా మా బందరు గుడ్డ కనిపిస్తే భయపడుతుందా? మొహం దాంట్లో పెట్టుకుని వాసన చూస్తుంది" అన్నారు వసంతలక్ష్మి గారు.

నేను ఇంగ్లీషులోకి మార్చి చెబుతున్నాను గానీ, చివరి వాక్యాన్ని రెండుసార్లు మొదలుపెట్టాల్సొచ్చింది. అది ఇక్కడ ఎవరికీ తెలియనవసరం లేదు. అంకుల్, పొగుడుతున్నానని చెప్పండి.

ఆ తర్వాత ఆ క్లాసు ఇంగ్లీష్ క్లాసుగా మిగల్లేదు. ఆ మనిషి పేరేమిటి? అక్కడ ఏం తినేది? పప్పు దొరికేదా? తలకి నూనె ఎవరు తెచ్చేవాళ్ళు? ఆ పిల్లని ఏమని పిలిచేది? పేరు దగ్గర పెద్ద గొడవే అయింది. హెస్టర్ గారు ఎక్కడో చూసి "పద్మిని" అన్నారు. "బందర్లో ఆయాకి పద్మిని ఏమిటండీ" అని అందరూ కొట్టిపారేశారు. చివరికి వసంతలక్ష్మి గారు "నాంచారమ్మ" అన్నారు, ఇక దానికి ఎదురు లేకపోయింది. హెస్టర్ గారు ఆ పేరు నాలుగు ముక్కలు చేసి పలకడం నేర్చుకున్నారు. ఆ రోజుల్లో ఓడ ఎక్కిన ఆయాలకి ప్రయాణికుల జాబితాల్లో చాలాచోట్ల పేరుండదట, ఫలానా దొరసాని గారి ఆయా అని మాత్రం ఉంటుందట. ఈ సంగతి చెప్పింది కూడా ఆవిడే. చెప్పి, "నేనూ అదే చేశాను చూడు" అన్నారు.

మార్చిలో ఒక రోజు నన్ను పిలిచి పందొమ్మిదో అధ్యాయం అని మాత్రం రాసిన ఖాళీ కాగితం చేతికిచ్చారు. "ఇది నాంచారమ్మ అధ్యాయం. నాకు ఆవిడ గొంతు వినపడటంలేదు. నీకు వినపడుతుంది. నువ్వు రాయి. పుస్తకం మీద నా పేరు పక్కన నీ పేరు వేయిస్తాను" అన్నారు.

మీకు నా గురించి తెలియదు, స్మృతికి తెలుసు. నేను ఏదీ పూర్తి చేసే మనిషిని కాను. గిటార్ సగం, స్పానిష్ సగం, కేకులు చెయ్యడం మూడో వంతు. రెండేళ్ళలో మూడు అపార్ట్‌మెంట్లు మారాను. ఈ మధ్య టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉద్యోగం వచ్చింది, ఇంకా చేరనేలేదు, అప్పుడే అక్కణ్ణించి ఎక్కడికి వెళ్దామా అని మ్యాప్ చూస్తున్నాను. కాబట్టి రెండు నెలలు తప్పించుకు తిరిగాను. గురువారం హెస్టర్ గారు డెస్క్ దగ్గర కనిపిస్తే నేను పిల్లల పుస్తకాల సెక్షన్‌లోకి పోయి డైనోసార్లు సర్దేదాన్ని. మేలో ఒక ఆదివారం పొద్దున్న, ఇల్లు ఖాళీ చెయ్యడానికి అట్టపెట్టెలు కడుతూ, వాటిలో ఒకదాని మీదే కూర్చుని మొదలుపెట్టాను. పదకొండు రోజుల్లో నలభై ఒక్క కాగితాలు. నా జీవితంలో నేను చివరిదాకా చేసిన మొదటి పని అదే. ఎం.ఎస్. లెక్కలోకి రాదు, దాన్ని మా గైడ్ పూర్తి చేయించాడు.

(నవ్వులు)

ఇప్పుడు చిక్కు ఏమిటంటే, అది తెలుగులో వచ్చింది. ఇంగ్లీషులో రెండు పేజీలు ప్రయత్నించాను, నాంచారమ్మ కూడా నాలాగే మరీ మర్యాదస్తురాలైపోయింది. సరే, తెలుగైతే మార్చుకోవచ్చు. దానికంటే పెద్దది ఇంకోటి జరిగింది. నా నాంచారమ్మ చచ్చిపోలేదు.

నిజం చెబుతున్నానండీ, నేను చాలా ప్రయత్నించాను. ఇరవయ్యో అధ్యాయం హెస్టర్ గారు రాసేశారు, అందులో ఆవిడ దయ్యం. కాబట్టి పందొమ్మిది చివరికల్లా నేను ఆవిణ్ణి చంపాలి. జ్వరం తెప్పించాను, తగ్గిపోయింది. కాలవ దగ్గరికి తీసుకెళ్ళాను, సూర్యప్రకాశరావు గారి స్లూయిస్ పట్టుకుని ఒడ్డెక్కింది. (నవ్వులు) చివరికి ఒక తెల్లవారుజామున పిల్లకి జడ వేసి, ఆ గది తెర అంచు జానెడు కత్తిరించుకుని కొంగున ముడేసుకుని, వంటింటి తలుపు తీసుకుని నడిచి వెళ్ళిపోయింది. లండన్ వెళ్ళింది. ఓడల రేవులో కూర్చుని, మన వైపు వెళ్తున్న ప్రతి దొరసానినీ పిల్లల్ని చూసుకునే మనిషి కావాలా అని అడిగింది. అడగ్గా అడగ్గా ఒకావిడ సరేనంది.

ఇది తీసుకెళ్ళి హెస్టర్ గారికి ఎలా ఇవ్వను? ఇస్తే ఆవిడ నవల కూలిపోతుంది. లేకపోతే ఆవిడ మంచి రచయిత్రి కాబట్టి చక్కగా సరిచేసుకుంటారు, అంటే నాంచారమ్మని వెనక్కి పిలిచి చంపుతారు. ఇవ్వకపోతే నాకు ఇంత చేసిన మనిషికి, ఊరు విడిచి వెళ్ళిపోతున్న మనిషికి, మాట తప్పినదాన్నవుతాను. పుస్తకం మీద నా పేరు ఉండే అవకాశం మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదు. ఆశ లేదని అబద్ధం చెప్పను. ఆ అట్ట ఎలా ఉంటుందో, మా అమ్మ దాన్ని ఎవరెవరికి చూపిస్తుందో కూడా ఊహించుకున్నాను.

గీతాంజలి గారూ, ఏడు నిమిషాలు అయిపోయాయని తెలుసు. ఇంకొంచెం ఓర్చుకోండి.

అంకుల్, ఇప్పుడు చెప్పేది మాత్రం ఉన్నదున్నట్టు చెప్పండి. హెస్టర్ గారూ, నేను రాశాను, తెచ్చాను, కానీ ఇవ్వలేను. నాంచారమ్మ మీ ఇంట్లో చచ్చిపోలేదు, నడిచి వెళ్ళిపోయింది.

(సూర్యప్రకాశరావు గారు హెస్టర్ గారి చెవిలో చెబుతున్నారు. చాలాసేపు పట్టింది.)

అంకుల్, నేను చెప్పింది రెండు ముక్కలు. మీరేం చెబుతున్నారు? స్లూయిస్ గురించి కూడా చెబుతున్నారా? (నవ్వులు)

హెస్టర్ గారు ఏదో అంటున్నారు. మైక్ అక్కర్లేదు, నేను చెబుతాను. ఆవిడ అడుగుతున్నది, "అయితే మెట్ల మీద ఉన్నది ఎవరు?"

చూశారా. నేను రెండు వారాలుగా ఆవిడ బాధపడతారేమోనని, కోపమొస్తుందేమోనని నిద్ర సరిగ్గా పోకుండా ఉంటే, ఆవిడ అడిగింది మెట్ల మీద ఎవరని. ఈ ప్రశ్నకి జవాబు పొద్దున వరకు నా దగ్గర లేదు. పొద్దున వసంతలక్ష్మి గారు ఈ శాలువా మడత పెడుతుంటే చిక్కు అంతా ఆవిడకి చెప్పాను. తల కూడా ఎత్తకుండా, "దయ్యమయ్యేది వెళ్ళడానికి చోటు లేనిది. నాంచారమ్మకి బందరు ఉంది. ఆ ఇంటి దొరసానికి ఏముంది?" అన్నారు.

ఇది చెప్పండి అంకుల్. పొట్టిగా చెప్పండి.

(సూర్యప్రకాశరావు గారు చెవిలో చెబుతున్నారు.)

ఆవిడ కళ్ళజోడు తీశారు. పర్సు తెరిచారు. పెన్సిల్. మన ఇన్విటేషన్ వెనక రాసుకుంటున్నారు. గీతాంజలి గారూ, సంఘం ప్రింటు చేయించిన ఇన్విటేషన్లలో ఎవరికైనా పనికొచ్చినది ఇదొక్కటే అనుకుంటాను. (నవ్వులు) హెస్టర్ గారూ, పందొమ్మిదో అధ్యాయానికి నలభై ఒక్క కాగితాలు అక్కర్లేదు. ఒక రోజు పొద్దున్న లేచి చూస్తే ఆయా గది ఖాళీగా ఉంది, పిల్లకి కొత్త జడ వేసి ఉంది అని రెండు ముక్కలు చాలు. మిగతాది నా దగ్గర ఉంటుంది. నేను దానికి ఇంకా చాలా రాయాలి, ఓడలోనే ఆరు నెలలు పడుతుంది. ఇర్వింగ్‌లో అపార్ట్‌మెంట్ ఏడాది లీజుకి తీసుకుంటున్నాను. స్మృతీ, అలా చూడకు. నిజంగానే ఏడాదికి.

ఇక నేను కూర్చోవాలి. ఈ సభ పెట్టిన గీతాంజలి గారికి, ఫ్రీగా ఊఁ కొట్టిన పన్నెండుమంది పెద్దలకి, బందరు నుంచి ఆ వాసనని ఇక్కడిదాకా మోసుకొచ్చిన వసంతలక్ష్మి గారికి, ట్రాన్స్‌లేట్ చేసిన, చెయ్యకుండా ఆగిన సూర్యప్రకాశరావు గారికి కృతజ్ఞతలు. హెస్టర్ గారూ, మీరు లింకన్‌షైర్‌లో మీ చెల్లెలి ఇంటికి వెళ్ళాక, పొద్దున్నే రాసుకున్నది చదువుకుంటే ఎదుటి నుంచి ఊఁ వినపడదు. ఫోన్ చెయ్యండి. గురువారం పదకొండింటికి ఇక్కడ గదిలో ఫోన్ స్పీకర్ మీద పెడతారు. నేను టెక్సస్ నుంచి కలుస్తాను.

ఆవిడ మళ్ళీ ఏదో అంటున్నారు. "ఇవ్వకపోతే ఇవ్వకు, చదువు" అంటున్నారు. అర్థం కాదు కదండీ అంటే, "మీ పన్నెండుమందికి నాది అర్థమైందా?" అంటున్నారు.

సరే. గీతాంజలి గారు గడియారం చూడటం మానేశారు కాబట్టి మొదటి రెండు వాక్యాలు మాత్రం.

(కాగితాల చప్పుడు)

"నా పేరు నాంచారమ్మ. ఈ ఇంట్లో ఎవరూ అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నాను."

(ముందు వరుసలోంచి హెస్టర్ గారు: "ఊఁ.")

ఆవిడ ఊఁ అన్నారు కాబట్టి కథ ఆగదు, నేను మాత్రం ఆగుతాను. సెలవు.